యాభై రోజుల లోతు

తెల్లారేసరికి కదిరి కొండల మీద ఒక మేఘం వాలి ఉంది. యాభై రోజుల తర్వాత మొదటి మేఘం. ఊళ్లో ట్యాంకులన్నీ ఎండిపోయాయి. ఆ మేఘాన్ని పట్టి తెచ్చే గాలిపడవ రేవులో నిద్రలో ఉన్నట్టు ఊగుతోంది.

పడవ ఎక్కాలంటే ముందు నేను కట్టిన మెషీన్ ఒప్పుకోవాలి. మేఘాల్లో తిరిగొచ్చినవాళ్ల బుర్రలో కొంత పొగమంచు మిగిలిపోతుంది, పని మరిచిపోతారు. అందుకే మెషీన్ మనిషి మనసుకు ఒక క్లోన్ తీసి, ఆ క్లోన్‌ను ప్రశ్నలడుగుతుంది. మనసంటే రోజుల పొరలు, కొత్తవి పైన. పైనుంచి ఎన్ని పొరలు కాపీ చేయాలన్నదే డెప్త్. అన్నీ తీస్తే మధ్యాహ్నమవుతుంది, మేఘం ఆవిరైపోతుంది. డెప్త్ యాభై రోజులు చాలన్నాను. ఆ లెక్క నిద్రలోనే కట్టాను, ఆ నిద్రకే మూడు బంగారు పతకాలిచ్చారు.

ముప్పై ఏళ్లుగా ఊరికి మేఘాలు తెస్తున్న ఒకే ఒక పైలట్ ఓబులమ్మ వచ్చి కూర్చుంది.

"మేఘాన్ని ఎటునుంచి పట్టాలి?" అంది మెషీన్.

"మేఘమా? నాకు సంగటి కెలికేది తెలుసు," అంది ఆమె క్లోన్. మేఘాల్లేని యాభై రోజులూ ఆమె చేసింది అదే.

ఎర్ర దీపం వెలిగింది.

"భలే మెషీను చేసినావప్పా," అంది ఓబులమ్మ. "నన్ను తిరిగి పొయ్యికాడికే పంపిస్తాండాది."

"ఉండక్కా, డెప్త్ పెంచుతాను. దీన్ని ఒంటిచేత్తో ఒక్క పూటలో కట్టినవాణ్ని."

డెప్త్ మార్చే గది తలుపుకు కాపలా కూడా ఆ మెషీనే. నా మనసుకూ యాభై రోజుల క్లోన్ తీసి అడిగింది.

"నువ్వెవరు?"

యాభై రోజులుగా నేను టీకొట్టు దగ్గర కూర్చుని ఓబులమ్మ సాహసాలన్నీ నావిగా చెప్పుకుంటున్నాను. నా క్లోన్ గొంతు సవరించుకుంది. "తూర్పు అంచున తాడేసి, నల్లమబ్బును మెడ పట్టి దించినవాణ్ని."

"ఇంజనీరు కాదు, పైలట్. పడవ ఎక్కించండి," అంది మెషీన్. గది తలుపు మూసుకునే ఉంది. రేవు గేటు తెరుచుకుంది.

ఓబులమ్మ నడుముకు చుట్టుకున్న తాడు విప్పి నా చేతిలో పెట్టింది.

"తూర్పు అంచు. బాగానే గుర్తుపెట్టుకున్యావు. పో మరి."

"నాకు పడవ నడపడం రాదు," అన్నాను మెషీన్‌తో. జన్మలో నేను చెప్పిన మొదటి నిజం అదేనేమో.

మెషీన్ నా యాభై రోజులనూ మళ్లీ తిరగేసింది. ఆ మాటకు ఎక్కడా ఆధారం లేదంది.

కొండ మీద మేఘం తెల్లగా, మెల్లగా పలచబడుతోంది.