అగ్గిపెట్టెలో పది గుల్లలు

గురువారం మధ్యాహ్నం కాఫీ వేళకి తుపాకీ పోటీల్లో కొట్టే రెనాటె తలుపైనా కొట్టకుండా లోపలికి వచ్చేసింది. చంకలో చుట్ట చుట్టిన కాగితాలు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. ప్రైవేట్ డిటెక్టివ్ వెండెలిన్ హోఫ్ ప్లమ్ కేకు ముక్క పక్కన పెట్టాడు. ఆయన సహాయకురాలు గిట్టా అప్పటికే కుర్చీ లాగి వేసింది.

"హోఫ్ గారూ, ఓస్వాల్డ్ మేస్త్రి గారు నా తుపాకీని పొయ్యిలో పెట్టేస్తానంటున్నారు! ఆయన సంగతి మీకు తెలుసుగా, అన్నంత పనీ చేస్తారు."

సూల్ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఓస్వాల్డ్ కెర్స్ట్ ఎవరో చెప్పక్కర్లేదు. పోటీ తుపాకీ అంటే ఆయనదే. చిన్న తూటా వేసి యాభై మీటర్ల దూరాన చొక్కా బొత్తాం కన్నా చిన్న చుక్కని కొట్టే తుపాకీలు అవి. కొట్టేవాడి చెంప, భుజం, అరచేయి కొలిచి, మైనంలో అచ్చు తీసి, అక్రోటు చెక్కని వాడి ఒంటికి సరిగ్గా అతికేలా చెక్కేవాడు. ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ పనే. మొన్న తొంభై ఒకటిలో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంటి వెనక షెడ్డులోనూ అదే పని. గొట్టం, తూటాని లోపల బిగించి పేల్చే బోల్టు, మిగతా ఇనుమంతా పక్కింటి ఎవాల్డ్ రూస్ చేసేవాడు. ఒకే గదిలో రెండు బల్లలు. హోఫ్ కూడా ఆ ఫ్యాక్టరీలోనే తనిఖీదారు, గిట్టా అక్కడే టైపిస్టు. ఊరంతా ఒకే సైరన్‌కి నిద్ర లేచిన రోజులవి. ఇప్పుడు ఏడింటికి సైరన్ మోగదు, అయినా అందరికీ ఏడింటికే మెలకువ వస్తుంది.

"మొదటినుంచీ చెప్పు," అన్నాడు హోఫ్.

"ఇది ఆయన చేసే ఆఖరి తుపాకీ. ఇది కాగానే షెడ్డు మూసేస్తానని అందరితో చెప్పారు. రెండు వారాల కిందట పది తూటాలూ ఒక్క కన్నంలోంచే పోయాయి. మేస్త్రి గారు చిన్నపిల్లాడిలా నవ్వారు. పోయిన సోమవారం నుంచి చూడండి, ఇదీ వరస." గురి కాగితాలు విప్పింది.

కన్నాలు పైకీ కిందికీ సాగి, నిలువుగా ఒక గీతలా ఉన్నాయి. హోఫ్ భూతద్దం తీశాడు.

"తూటాలు మార్చావా?"

"అదే పెట్టె, అదే నంబరు. నా చెయ్యి బాగానే ఉంది, క్లబ్బు తుపాకీతో కొట్టి చూశాను. కానీ మేస్త్రి గారు వినరే! 'నా చేతులు వణుకుతున్నాయి, చెక్క సరిగ్గా కూర్చోలేదు, నలభై ఏళ్ళ పేరు మట్టిపాలైంది' అని ఒకటే ఏడుపు. ఆదివారం ఎంపిక పోటీ. నేను ఓడిపోతే వచ్చే ఏడు మళ్ళీ కొడతాను. ఆయనకి వచ్చే ఏడు లేదు కదండీ. తనకి చేత కాలేదనుకుంటూ షెడ్డు మూసేస్తారు."

ఆ మాటకి గిట్టా కళ్ళు తుడుచుకుంది.

"ఈ కాగితాలు ఇంకెవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. కొండ మీద క్లబ్బుకి వెళ్ళింది మేమిద్దరమే. సిగ్గుతో ఆయన వీటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎవరడిగినా 'చెదిరింది' అంటారు, అంతకు మించి నోరు విప్పరు. ఇవి నేను దొంగతనంగా తెచ్చాను."

"కాల్చిన తూటాల ఖాళీ గుల్లలు?"

రెనాటె కోటు జేబులోంచి గుప్పెడు ఇత్తడి గుల్లలు తీసింది. కాల్చిన గుల్లని నేల మీద వదిలేస్తే క్లబ్బులో చెవులు పిండేవారు. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

షెడ్డులో అవిసె నూనె వాసన. పొయ్యి మీద కాఫీ కెటిల్, గోడ పొడవునా అగ్గిపెట్టెల అర. మంచి గురి కుదిరిన ప్రతి తుపాకీకీ మొదటి పది గుల్లలూ అగ్గిపెట్టెలో దాచి, పైన ఏడాదీ, కొట్టినవాళ్ళ పేరూ, 'కెర్స్ట్' అనీ రాయడం ఫ్యాక్టరీ నాటి ఆచారం. పేరు చెక్క మేస్త్రిదే ఉండేది. ఇనుము చేసినవాడి పేరు ఎక్కడా ఉండేది కాదు.

"ఎందుకొచ్చావయ్యా వెండెలిన్? శవాన్ని చూడ్డానికా?" అన్నాడు ఓస్వాల్డ్. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, కూర్చుంటే కొండలా ఉన్నాడు, చేతులు మాత్రం ఒళ్ళో దాచుకున్నాడు.

"కాఫీకొచ్చాను. ఈ షెడ్డులోకి ఈమధ్య కొత్తవాళ్ళెవరైనా వచ్చారా?"

"లోర్ష్ అని పాత సరిహద్దుకి పడమటినుంచి ఒకడు. నా పనిముట్లు కొని మ్యూజియంలాంటిదేదో పెడతాట్ట. పోయిన ఆదివారం సాయంత్రం ఆరింటికి వచ్చాడు. నేను బీరు తేవడానికి కింద నేలమాళిగలోకి దిగాను."

"అప్పుడు తుపాకీ దగ్గర ఒంటరిగా ఉన్నాడన్నమాట!" గిట్టా హోఫ్ చెవిలో గుసగుసలాడింది. హోఫ్ ఓస్వాల్డ్ వైపే తిరిగాడు.

"బోల్టు ఇంకా పక్కింట్లోనే పడుకుంటోందా మేస్త్రి గారూ?"

"పడుకోక? తుపాకీ ఒక ఇంట్లో, బోల్టు ఒక ఇంట్లో. స్పోర్ట్స్ క్లబ్బు కాలం నాటి నియమం. గవర్నమెంటు మారింది గానీ నేను మారలేదుగా. ఆదివారమైనా సరే, చర్చి గంట ఐదు కొట్టగానే ఎవాల్డ్ గుడ్డలో చుట్టి పట్టుకెళ్తాడు. పొద్దున ఏడింటికి తెస్తాడు."

పక్కింట్లో ఎవాల్డ్ మోకాలికి వేడి గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి, భార్య పోయి ఆరేళ్ళయింది. బల్ల మీద ఒకే కప్పు, ఒకే పళ్ళెం.

"క్లబ్బుకి వెళ్ళలేదా మీరు?" అడిగాడు హోఫ్.

"ఈ మోకాలితో కొండెక్కడమా? నీకు వేళాకోళంగా ఉందా?"

"మేస్త్రి గారు బాగా కుంగిపోయారు."

"పిచ్చివాడు!" ఎవాల్డ్ ముఖం తిప్పుకున్నాడు. "చెప్తే వినడు. గురి నిలువునా సాగితే చెక్క తప్పెలా అవుతుంది? చేతుల తప్పెలా అవుతుంది? ఈ చలికాలమంతా ఓపిగ్గా కూర్చుంటే అదే దారిలో పడుతుంది. తొందరెందుకు?"

"అవును, తొందరెందుకు," అన్నాడు హోఫ్ మెల్లగా. బయటికి వచ్చి తలుపు చప్పుడు కాకుండా మూశాడు. కేసు తేలితే ఈల వేసే మనిషి, ఆ రోజు వేయలేదు.

మర్నాడు ఉదయం షెడ్డులో అందరూ కూడారు. ఓస్వాల్డ్ తన బల్ల దగ్గర, ఎవాల్డ్ తన బల్ల దగ్గర, రెనాటె పొయ్యి పక్కన. లోర్ష్ టోపీ చేత్తో తిప్పుతూ, "నేను దేన్నీ ముట్టుకోలేదండీ, ఒట్టు," అన్నాడు.

"తెలుసు, కూర్చోండి," అన్నాడు హోఫ్. అరలోంచి రెనాటె పేరున్న అగ్గిపెట్టె తీసి, అందులోని ఒక గుల్లనీ, రెనాటె తెచ్చిన గుల్ల ఒకదాన్నీ పక్కపక్కన పెట్టి భూతద్దం ఓస్వాల్డ్‌కి ఇచ్చాడు. "ఈ రకం తూటాని పేల్చే పిన్ను దాని అడుగున నడిమధ్యలో కొట్టదు, అంచు మీద కొడుతుంది. ఆ దెబ్బ ఎలా పడిందో చూడండి."

ఓస్వాల్డ్ వంగాడు. చాలాసేపు లేవలేదు. "ఇది లోతుగా, పలకగా ఉంది. ఇది... ఇది అరిగిపోయిన పిన్ను!"

"అవును. దెబ్బ ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా పడితే తూటా వేగం మారుతుంది. గురి పైకీ కిందికీ సాగుతుంది. మరొకరి తుపాకీ అయితే మీరు మొట్టమొదట పిన్నే చూసేవారు. ఇది మీది కాబట్టి మీ చేతుల్నే తిట్టుకున్నారు."

"వీడేనా?" ఓస్వాల్డ్ లోర్ష్ వైపు లేచాడు.

"కాదు. ఆయన ఆరింటికి వచ్చాడు. ఐదింటికే బోల్టు ఇల్లు దాటింది. పిన్ను ఉండేది బోల్టులో." హోఫ్ గొంతు తగ్గించాడు. "నిన్న నాతో ఒకాయన గురి నిలువునా సాగిందన్నాడు. ఆ కాగితాలు చూసింది నలుగురమే, మేస్త్రి గారూ, రెనాటె, గిట్టా, నేను. ఎలా సాగుతుందో చూడకుండానే తెలియాలంటే, ఏం మార్చారో తెలిసుండాలి."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. ఎవాల్డ్ కోటు లోపలి జేబులోంచి చిన్న గుడ్డ మూట తీసి బల్ల మీద పెట్టాడు. అందులో పిన్ను మెరిసింది.

"ఒరేయ్," అన్నాడు ఓస్వాల్డ్.

"నువ్వు మూసేస్తానన్నావురా," అన్నాడు ఎవాల్డ్. "ఇది చెడితే బాగుచేయడానికి ఇంకో చలికాలం పడుతుందనుకున్నాను. ఇంకో చలికాలం ఏడింటికి ఇక్కడికి రావచ్చనుకున్నాను. నీ చేతుల్నే తిట్టుకుంటావని నాకేం తెలుసు? నువ్వు ఏడుస్తుంటే చెబుదామని రోజూ అనుకున్నా. సిగ్గేసింది."

"గాడిదా! మూసేస్తానంది గిరాకీలకిరా! పొయ్యి ఆర్పేస్తానని ఎవడన్నాడు నీతో?"

ఎవాల్డ్ తలెత్తి చూశాడు.

"నువ్వు రాకపోతే పొద్దున కాఫీ ఎవడితో తాగుతాను? ఈ లోర్ష్‌తోనా? నలభై ఏళ్ళుగా రోజూ వస్తున్నవాడికి రమ్మని వేరే చెప్పాలా?" అంటూనే తాను ఎప్పుడూ చెప్పలేదన్న సంగతి ఓస్వాల్డ్‌కి తట్టినట్టుంది. గభాలున కూర్చుండిపోయాడు. "చెప్పాల్సింది," అన్నాడు. "చెప్పాల్సిందేరా."

పిన్నుని ఎవాల్డే తిరిగి అమర్చాడు. ఆయన్ని గిట్టా కారులో కొండెక్కించారు. రెనాటె పడుకుని, చెంప ఆనించి, నింపాదిగా పది కొట్టింది. కాగితం తెచ్చి చూస్తే ఒక్క కన్నం, వేలి గోరంత. ఓస్వాల్డ్ దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. అవి నిజంగానే వణుకుతున్నాయి. కానీ ఈసారి వాటిని దాచుకోలేదు.

రెనాటె పది గుల్లలూ ఏరి తెచ్చింది. ఓస్వాల్డ్ పాత అగ్గిపెట్టెలోవి పారబోసి కొత్తవి పోశాడు, పైన కొత్త కాగితం అంటించాడు. పెన్సిల్ అందుకుని, ఒక క్షణం ఆగి, ఎవాల్డ్‌కి ఇచ్చాడు.

"నువ్వు రాయరా. నా రాత వంకర పోతోంది."

ఎవాల్డ్ కుదురుగా ఏడాది రాశాడు, రెనాటె పేరు రాశాడు, కింద 'కెర్స్ట్' అని రాసి పెన్సిల్ తిరిగి ఇవ్వబోయాడు.

ఓస్వాల్డ్ తీసుకోలేదు. "రెండో పేరు ఎవడు రాస్తాడు, మీ తాతా?"