పగులున్న షెల్

ఉదయం 9:10. సైన్యం గొట్టంలోంచి పేల్చే మోర్టార్ షెల్స్ తయారుచేసే ఫ్యాక్టరీ. టెస్ట్ రూంలో అల్మరా ఖాళీ. నిన్న పరీక్షలో పగులు బయటపడ్డ షెల్ మాయం!

పేలుడు మందు నింపని ఉత్త తొడుగే. కానీ 11 గంటలకు కంపెనీ బాండ్లు కొనేవాళ్లు వస్తున్నారు. ఆ డబ్బుతో కొత్త కొలిమి, సైన్యానికి రెండింతల షెల్స్. పగులు సంగతి తెలిస్తే ఒక్కడూ కొనడు. తెలియకపోతే ఈ బ్యాచ్ సైనికుల చేతికి వెళుతుంది.

కబురందుకుని వచ్చిన పోలీస్ ఇన్‌స్పెక్టర్ తొందరపడ్డాడు. ఊడ్చే ఆమె సంచిని అందరి ముందూ బోర్లించాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, బీపీ మాత్రలు. అంతే! ఆమె ఒక్కొక్కటే ఏరుకుంది. ఛీ, ఏం పని చేశాడు! ఇన్‌స్పెక్టర్‌కి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అల్మరా తాళాలు ఎవరి దగ్గర?"

"చెకింగ్ మేస్త్రి దగ్గరొకటి. వచ్చేవాళ్లకి చూపించాలని నాకొకటి ఇచ్చారు," అన్నాడు ఫైనాన్స్ మేనేజర్.

"నిన్న ఎప్పుడెళ్లారు?"

"ఏడున్నరకి."

"మేస్త్రీ, నువ్వు?"

"ఎనిమిదికి," అన్నాడు చెకింగ్ మేస్త్రి. ముప్పై ఏళ్ల సర్వీసు.

ఇన్‌స్పెక్టర్ అల్మరా పక్కనున్న కొత్త ప్యాకెట్ ఎత్తి చూపించాడు. "ఇందులో పాతిక ప్లాస్టిక్ టోపీలుండాలి. ఇరవై నాలుగే ఉన్నాయి. మేనేజర్ గారూ, ఇవెందుకు?"

"ఏమో సార్. సీసా మూతలా?"

"షెల్ మూతి దగ్గర మరలు దెబ్బతినకుండా పెడతారు. నిన్నటి పరీక్ష ఫొటోలో ఆ షెల్‌కి టోపీ లేదు. దొంగ పెట్టాడు. పనికిరాని షెల్‌కి టోపీ ఎందుకు? ముప్పై ఏళ్ల చేతి అలవాటు! టోపీ పెట్టకుండా షెల్ ఎత్తడం ఈ గదిలో ఒక్కడికే చేతకాదు."

మేస్త్రి తన పనిముట్ల పెట్టె తెరిచాడు. షెల్ అందులోనే ఉంది.

"కొలిమి రాకపోతే వర్క్‌షాపు మూసేస్తామన్నారు సార్. మూడొందల మంది. మా తమ్ముడూ అందులోనే."

"ఈ పగులుతో మోర్టార్ గొట్టంలోనే పేలితే? అక్కడుండేది ఎవరి తమ్ముడు?"

మేస్త్రి ఊడ్చే ఆమె ముందుకెళ్లి నిలబడ్డాడు.

"నీ సంచి బోర్లిస్తుంటే చూస్తూ ఊరుకున్నానమ్మా. నాకంటే సిగ్గుమాలినవాడు లేడు."

"నాదీ తప్పేనమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, తలెత్తలేక.

"నాతో ఏముందన్నా," అందామె. "బాండ్లు కొనేవాళ్లొచ్చేశారు. చెప్పాల్సింది వాళ్లకి."

11:00. మేస్త్రి షెల్‌ను రెండు చేతులా ఎత్తుకుని మీటింగ్ హాల్లోకి వెళ్లాడు.

"అయ్యా, సంతకాలు పెట్టకముందు ఒక్కసారి ఇది చూడండి. దాచింది నేనే."