వెనక గదిలో చారల మనుషులు

ఆ వీడియో షాపు వెనక గదికి మంచి పేరు లేదు. పాత క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించేది అక్కడే. కిటికీ లేదు, పగలే చీకటి. ఆ గదిలో పనికి కుదిరిన ఇద్దరు చెప్పాపెట్టకుండా మానేశారట.

ఎందుకంటే... ముందు గదిలోని పాత టీవీలో పెడితే మనుషులు మనుషుల్లాగే ఉండేవారు. అదే క్యాసెట్ వెనక గదిలో కంప్యూటర్ మీద చూస్తే — ఒంటినిండా చారలు. చెయ్యి ఊపితే దువ్వెన పళ్ళలా చీలిపోయేది. తల తిప్పితే రెండు ముక్కులు. క్యాసెట్ అదే కదా, మరి తప్పెవరిది? గదిదేనని తేల్చేశారు.

మూడోవాడు కత్తెర. వీడియోలు కత్తిరిస్తాడని ఆ పేరు. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు. ఇదంతా అతను చెప్పగా విన్నదే, అతని వణుకు మాత్రం నేను కలిపాను.

ఒక సాయంత్రం ఓ మామ్మగారు క్యాసెట్ పట్టుకొచ్చింది. చిన్నకూతురి పెళ్ళిది. ఆ పెళ్ళిలో తాతగారు డాన్సు చేశారని చుట్టాలంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడేమో అప్పుడు లోపల పక్కలు సర్దుతోంది. నిజమేనా అని ఆవిడ అడిగితే ఆయన పోయేదాకా ఒప్పుకోలేదు. టేపు చూస్తే ఒక్కసారికి మించి తిరిగితే తెగేలా ఉంది. ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్లోకి ఎక్కాలి.

ఎక్కింది. తాతగారు చెయ్యెత్తారు... చెయ్యి ముక్కలైంది. నడుం తిప్పారు... నడుం రెండైంది. కత్తెర కుర్చీతో సహా గోడదాకా జరిగిపోయాడు.

"మామ్మగారూ... తాతగారికి మీ మీద కోపమేమైనా..."

"కోపముంటే అరిచేవారు, చారలెందుకు? సరిగ్గా చూపించు నాయనా. ఆ మొహం ఒక్కసారి చూసుకుందామని వచ్చాను."

కత్తెరకి భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. కంప్యూటర్ అమ్మినతనికి ఫోన్ చేశాడు.

అవతలివాడు పగలబడి నవ్వాడట. పాత కెమెరా బొమ్మని ఒక్కసారే తీయదు. ముందు ఒకటి విడిచి ఒకటి గీతలు, రెప్పపాటు తర్వాత మధ్యలో మిగిలినవి. పాత టీవీ వాటిని అలాగే వరసగా చూపేది, కంటికి తెలిసేది కాదు. కంప్యూటరేమో రెండూ కలిపి ఒకేసారి వేసేస్తుంది. ఆ రెప్పపాటులో చెయ్యి కదిలిందా, సగం ఇక్కడ, సగం అక్కడ. ఫలానా చోట నొక్కితే చారలు పోతాయని చెప్పాడు.

నొక్కితే పోయాయి. కదిలేవాటికే చారలు, కదలనివాటికి రావు, కావాలంటే తెరమీద ఆ స్తంభం చూడండని కత్తెర అంతా తనే కనిపెట్టినట్టు చెప్పుకుపోయాడు.

తాతగారు నిండుగా, ఒక్క ముక్కుతో, చిన్నపిల్లాడిలా ఎగురుతున్నారు. మామ్మగారు కళ్ళు తుడుచుకుంది, నవ్వింది. అంతలో నవ్వు ఆగింది.

"ఈయన అస్తమానం ఆ స్తంభం వైపే చూస్తున్నారేం? పక్కన నిలబడిందెవరు?"

కత్తెర చూశాడు. ఒకావిడ. కదలడం లేదు. రెప్పైనా వేయడం లేదు. అయినా... చారలు.

"గీతల చీర... అయ్యుంటుందండీ."

"మొహానికి కూడానా?"

కత్తెర మళ్ళీ నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. పెళ్ళివారంతా నున్నగా ఉన్నారు — ఆవిడ తప్ప.

"మామ్మగారూ..." కత్తెర కుర్చీ మళ్ళీ గోడకి ఆనింది. "అది... మనిషి కాదు."

మామ్మగారు కుర్చీలో వెనక్కి వాలి, గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలింది.

"అమ్మయ్య... దెయ్యమేనా. ఇంకెవరో అనుకున్నాను."