చెంగల్వ నేర్చిన మూడు భాషలు

కుంతలగిరి రాజ్యంలో ఒక వేసవి ఉదయం అడవికి ఆడుకోవడానికి వెళ్లిన పిల్లలెవరూ తిరిగి రాలేదు. శిలాముఖుడనే రాక్షసుడు యువరాజుతో సహా అందరినీ రాళ్లుగా మార్చేశాడు. వాళ్లలో కుమ్మరి చెన్నప్ప చిన్నకూతురు రంగి కూడా ఉంది. ఆ ఉదయం అక్క చెంగల్వ ఒక జడ అల్లేసరికే, రెండోది అల్లించుకోకుండా పరుగెత్తిన పిల్ల.

ఏడాదిలోగా జీవధార నీళ్లు చల్లకపోతే ఆ రాళ్లకు ఇక ప్రాణం రాదు. ధార మూడు ద్వారాల వెనుక ఉంది. సింహం, గండభేరుండం, కొండచిలువ వాటికి కాపలా. తమ భాషలో మాట్లాడినవారికే అవి దారి ఇస్తాయి.

ఆ భాషలు తెలిసిన శాలంక మునిని వెతుక్కుంటూ చెంగల్వ అడవులు దాటింది.

"ఒక్కో భాషకు ఒక్కో ఏడు పడుతుందమ్మా. వాటికి ఒకదానితో ఒకటి చుట్టరికమే లేదు" అన్నాడు ముని.

"అయితే మూడూ ఒకేసారి నేర్పండి తాతా."

"ఉన్నది ఒక్క నాలుకే కదే, పిచ్చిపిల్లా" అని నవ్వినా, ఆయన కాదనలేదు.

తొందర కొద్దీ ఆమె పొద్దున్నే కూర్చుని మూడు పాఠాలూ వరసగా వల్లించేది. నెలలు గడిచాయి. పక్షిలా ఈల వెయ్యబోతే సింహం గర్జన వచ్చేది. ముని తల అడ్డంగా ఊపాడు. అప్పుడామెకు తను చిన్నప్పుడు చేసిన పొరపాటు గుర్తొచ్చింది. ఆరిన కుండలతోపాటు పచ్చి కుండలను కూడా ఆవంలో పెట్టి కాలిస్తే, అన్నీ పగిలిపోయాయి.

మర్నాటి నుంచి పద్ధతి మార్చింది. కుండను మలిచే సారె మీద ఒక భాషే ఉండాలి. కొత్త మాటలన్నీ అందులోనే. రెండోది నీడలో ఆరుతున్న కుండ. దాన్ని కదపకుండా, ముని మాట్లాడుతుంటే వినడమే. మూడోది ఆవంలో ఉన్నట్టు. తడబడకుండా నిలిచేదాకా మునితో వాదులాడటమే. ఒకటి కాలి గట్టిపడితే తక్కినవి ముందుకు జరిగేవి.

గడువు తీరే రోజున సింహం ఆమె పలకరింపుకు తోక ఆడించింది. గండభేరుండం రెక్క ముడిచి తప్పుకుంది. కొండచిలువ మాత్రం కదలలేదు.

"ఎవరి కోసం వచ్చావు?" అని అడిగింది.

కొండచిలువలు తోబుట్టువుల నెరగవు. వాటి భాషలో చెల్లెలనే మాటే లేదు. చెంగల్వ తనకు వచ్చిన మాటలనే మెల్లగా కూర్చుకుంది.

"ఒకరి జుట్టు సగం అల్లాను. మిగతా సగం కోసం ఏడాదిగా నా చేతులు ఎదురుచూస్తున్నాయి."

కొండచిలువ ఆ చేతుల వంక చూసింది. తరువాత చుట్ట విప్పి దారి ఇచ్చింది.

చెంగల్వ ధార నీళ్లు తెచ్చి చల్లగానే రాళ్లు కదిలాయి. యువరాజు ఒళ్లు విరుచుకున్నాడు. పిల్లలు కళ్లు నులుముకున్నారు.

"అక్కా, రెండో జడ వెయ్యవూ?" అంది రంగి.

చెంగల్వ కింద కూర్చుని చెల్లెలి జుట్టు చేతుల్లోకి తీసుకుంది. అర్ధరాజ్యం ఇస్తాను, వచ్చి ఏలుకొమ్మని రాజుగారు కబురు పంపితే, జడ పూర్తయ్యాక వస్తానని చెప్పింది.