బ్యాటరీ తీసేసిన ట్రాక్టర్

ఆ పాడుబావి వైపు పొద్దుగూకాక కుక్క కూడా పోదు. ఎప్పుడో ఒక పనివాడు పూడిక తీస్తుంటే మట్టిపెళ్ళలు విరిగి మీద పడి అందులోనే పోయాడట. అప్పట్నుంచి ఆ బావి జోలికి ఎవరెళ్ళినా వాడు ఊరుకోడని ఊరంతా చెప్పుకుంటుంది. నేను మెకానిక్‌ని. గ్రీజు, పానాలు తప్ప దెయ్యాల సంగతి నాకు తెలీదు. అయినా చెప్తున్నా వినండి... ఈ ట్రాక్టర్ కథ విన్న రోజు నా ఒళ్ళు జల్లుమంది.

చెప్పినవాడు మా బక్కోడు. పిలవడానికే బక్కోడు, పనిలో దిగితే దున్నపోతే. అమ్మానాన్న పోతే ఆరేళ్ళప్పట్నుంచి వాణ్ణి సాకింది అక్క. ఆమెకి పిల్లల్లేరు, మొగుడూ పోయాడు. మిగిలిందల్లా వీడూ, వీడి పెళ్ళాం, షెడ్డులో బావ వదిలిపోయిన ముసలి ట్రాక్టర్.

తుప్పు పట్టిపోతున్న ఆ బండిని మళ్ళీ నడిచేలా చేసింది నేనే. కొత్త బ్యాటరీ, కొత్త సెల్ఫ్ వేశాను. వీడు స్టీరింగ్ పట్టి ఏడాది కాలేదు, దాన్ని ఊపిరి పీల్చుకోనిస్తేనా! మొద్దులు లాగించాడు, బండలు ఈడ్పించాడు, ముందు బ్లేడు తగిలించి ఎగుడుదిగుడంతా సాపు చేయించాడు. చివరికి కన్ను ఆ పాడుబావి మీద పడింది.

"అక్కా, వానల్లోపు నీళ్ళు పడితే అక్కడే రెండు గదులు వేసుకుని ఉంటాం. పడకపోతే ఆ ఊసే ఎత్తను," అన్నాడట.

"అలాగే నాయనా. నీ ఇష్టం," అందట అక్క.

బావిలోకి దిగడానికి ఒక్కడంటే ఒక్కడు రాలేదు. వీడే దిగి తొట్టె నిండా రాళ్ళు వేసేవాడు. పైకెక్కి, తొట్టె తాడు కట్టిన ట్రాక్టర్ ముందుకి నడిపితే తొట్టె పైకొచ్చేది. కుమ్మరించి మళ్ళీ దిగేవాడు. సాయంత్రానికి బావి అంచున నడుమెత్తు కుప్ప. బండిని మెరక మీదున్న షెడ్డులో పెట్టి ఇంటికొచ్చేసరికి అరచేతులు బొబ్బలు. అక్క కూర్చోబెట్టి, ఊదుకుంటూ, నూనె రాసేది.

తెల్లారి వెళ్ళి చూస్తే — కుప్ప లేదు.

రాళ్ళన్నీ మళ్ళీ బావిలో!

ఒకసారైతే ఏదో అనుకోవచ్చు. అయిదుసార్లు. పెళ్ళాం ఏడ్చింది. అక్క గొంతు తగ్గించి, "వద్దురా... ఆ బావిలో వాడికిష్టం లేదు. వదిలెయ్," అంది.

రాత్రిళ్ళు అటువైపు నుంచి ఇంజిన్ చప్పుడు వస్తోందని ఎవరో చెప్పారు. ఎవడో తుంటరి తన బండే తీస్తున్నాడనుకున్నాడు వీడు. ఆ సాయంత్రం బ్యాటరీ ఊడదీసి, ఇంటికి మోసుకొచ్చి మంచం కింద పెట్టుకున్నాడు. ఇప్పుడెలా తీస్తాడో చూద్దాం అని హాయిగా నిద్రపోయాడు.

తెల్లారింది. కుప్ప మాయం.

షెడ్డుకి పరిగెత్తాడు. ఇంజిన్ మీద చెయ్యి వేశాడు... ఇంకా గోరువెచ్చగా ఉంది.

తిన్నగా నా దగ్గరికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అన్నా... బ్యాటరీ లేకుండా బండి స్టార్టవుతుందా?"

"పిచ్చా నీకు? ఎలా అవుతుంది?" అన్నాను.

ఆ మాట పట్టుకునే వాడు పగలంతా మళ్ళీ కుప్ప పోసి, బ్యాటరీ మళ్ళీ మంచం కిందకి చేర్చి, ఆ రాత్రి వెళ్ళాడు. పెళ్ళానికి కూడా చెప్పలేదు. బావి దగ్గర కూలిన గోడ ఒకటుంటే దాని వెనక నక్కాడు. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడట.

చాలాసేపటికి... మెరక మీంచి ఏదో కదిలింది. లైట్లు లేవు. సెల్ఫ్ కొట్టిన చప్పుడు లేదు. టైర్ల కింద గులకరాళ్ళు చితికే చప్పుడు ఒక్కటే — నెమ్మదిగా, దగ్గరికి, ఇంకా దగ్గరికి...

ఉన్నట్టుండి ఇంజిన్ దగ్గింది. దడదడమంటూ అందుకుంది!

బ్యాటరీ మంచం కింద ఉంది. బండి మాత్రం వాడి ముందు నుంచే పోతోంది. మబ్బు తప్పుకుని కాస్త వెన్నెల పడింది. సీట్లో ఎవరో ఉన్నారు. తలకి గుడ్డ. ఒంటి మీద పెద్ద పెద్ద గళ్ళ చొక్కా. ఆ చొక్కా వాడికి తెలుసు. పోయిన బావది.



బ్లేడు కిందికి దిగింది. కుప్పని నెట్టుకుంటూ పోయింది. రాళ్ళు ఒకదాని మీదొకటి బావిలోకి... వాడి రెక్కల కష్టమంతా గబగబా లోపలికి. తర్వాత బండి ఆగింది. ఆ ఆకారం దిగి, బావి అంచున నిలబడి, లోపల చచ్చినవాడితో మాట్లాడుతున్నట్టు గుసగుసగా అంది —

"ఏమనుకోకు నాయనా... నీ పేరు చెప్పి చేస్తున్నా. ఇంకొక్క వారం. వానలొస్తే వాడే మానుకుంటాడు."

ఆ గొంతు వినే వాడు రోజూ నిద్రలేస్తాడు. ఆ గొంతు వినే అన్నం తిన్నాడు ఇన్నేళ్ళూ.

"అక్కా..."

ఆమె కెవ్వుమనలేదట. తలగుడ్డ తీసి చేతిలో నలుపుకుంటూ నిలబడింది.

"నీళ్ళు పడితే వెళ్ళిపోతావుగా," అంది.

"ఎక్కడికే? కేకేస్తే వినపడేంత దూరం!"

"వెళ్ళడం వెళ్ళడమే."

"మరి ఈ చేతులకి నూనె రాసేదానివి కదే... రాసి, నన్ను పడుకోబెట్టి, ఇక్కడికొచ్చేదానివా?"



మర్నాడు పొద్దున్నే నా షెడ్డులో బెంచీ మీద కూర్చుని ఇదంతా చెప్పాడు. "దెయ్యమే అయ్యుంటే బతికిపోయేవాణ్ణన్నా," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఏం చెయ్యాలో తోచక నీళ్ళిచ్చాను. తాగి, మొహం తుడుచుకుని, నా వంక చూశాడు.

"వాలులో దొర్లించి, గేరులో పెట్టి క్లచ్ వదిలితే బ్యాటరీ లేకపోయినా ఇంజిన్ అందుకుంటుందట కదా. అక్కకి అదెవరు నేర్పారన్నా?"

మొన్న చలికాలంలో వాడు జ్వరంతో పడుకున్నప్పుడు ఆమె నా దగ్గరికొచ్చింది. అవసరానికి బండి తీయడం నేర్పమంది. వాడికి తెలిస్తే నవ్వుతాడు, చెప్పొద్దంది. నాలుగు సాయంత్రాలు దగ్గరుండి నేర్పాను, వాలులో స్టార్ట్ చేయడంతో సహా. వాడు బ్యాటరీ సంగతి అడిగిన రోజే నాకు అనుమానమొచ్చింది. ఆమెకిచ్చిన మాట కోసమో, నింద నా మీదికొస్తుందన్న భయంతోనో, అబద్ధమాడాను. ఇప్పుడూ అదే చేశాను.

"నాకేం తెలుసురా?" అన్నాను.

వాడు లేచి నిలబడ్డాడు.

"అక్క రాత్రే నీ పేరు చెప్పింది. నువ్వైనా నిజం చెప్తావేమోనని అడిగాను."