రంగు లేని పూత

“సెట్టు నీ రిపేరు షాపుకి బయల్దేరింది.” ఫోన్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. “పాత వాల్వ్ రేడియో. లోపల ట్రాన్స్‌మిటర్. బ్యాండ్ స్విచ్ చివరిదాకా తిప్పితే రైలు వంతెన లేచిపోతుంది. ఆ స్విచ్ చెడింది. చెడగొట్టింది వాళ్ళ ముఠాలో ఉన్న మన మనిషే. కోడ్ వర్డ్: షార్ట్‌వేవ్‌లో వాన.”

“సెట్టు లాక్కుంటే సరిపోదా సర్?”

“చాలదు. వంతెన కింద ఉన్నవాడు చేత్తోనే పేల్చేస్తాడు. వాణ్ణి పట్టుకున్నాక ఫోన్ చేస్తాను. అప్పటిదాకా నువ్వు ఉత్త మెకానిక్‌వి.”

ఏజెంట్ రిసీవర్ పెట్టేశాడు. ఆ వంతెన మీదుగా వచ్చే మధ్యాహ్నం రైల్లో అతని అక్క వస్తోంది. ఆ మాట చీఫ్‌కి చెప్పలేదు. చెబితే ఈ బల్ల ముందు ఇంకొకణ్ణి కూర్చోబెట్టేవాడు.

రేడియో వచ్చింది, వెంట ఒక మగవాడు, ఒక ఆవిడ. దాన్ని బల్ల మీద దించినవాడు కోటు జేబులో చెయ్యి పెట్టాడు, మళ్ళీ తియ్యలేదు. ఆమె మాత్రం చూపు తిప్పుకోనివ్వని అందగత్తె. తాపీగా స్టూలు మీద కూర్చుని గోళ్ళకు రంగు లేని పాలిష్ వేసుకోసాగింది.

“షార్ట్‌వేవ్‌లో వాన చప్పుడండీ,” అంది తల ఎత్తకుండా.

“పాత సెట్లకి మామూలే మేడమ్.”

స్విచ్ బయటికొచ్చింది. గుండ్రటి ప్లేటు, చుట్టూ సన్నని రాగి రేకులు. చివరి రేకు విరిగింది. ఏజెంట్ పాత సామాను డబ్బాలోంచి అలాంటిదే ఏరి బిగించాడు, తీగ సోల్డర్ చేశాడు. కోటువాడి ఊపిరి మెడకు తగులుతోంది. ఒక్క తీగ వదిలేసినా పసిగట్టేలా ఉన్నాడు.

“మేడమ్, ఆ పాలిష్ ఓసారిస్తారా? స్క్రూలు వదులవకుండా చుక్క పెడతాం.”

“ఇదేం పద్ధతి?” కోటువాడు గుర్రుమన్నాడు.

“ఏ రిపేరు షాపులోనైనా ఇంతే సార్. కావాలంటే ఆ షెల్ఫులో సెట్లు చూడండి.”

వాడు తల తిప్పాడు. ఆ కాస్త సందులో కుంచె చివరి రేకు మీద రెండుసార్లు పారింది. కంటికి ఆనని పూత. దాన్ని దాటి కరెంటు పోదు. కానీ స్విచ్ నాలుగుసార్లు చివరిదాకా తిరిగితే గీక్కుపోతుంది. ఏజెంట్ బెంగంతా అదే.

వాల్వులు వేడెక్కాయి. పాట వినిపించింది. దూరంగా రైలు కూసింది.

“పని ఇక్కడే కానిచ్చేద్దాం,” అంటూ కోటువాడు రెండో చేత్తో నాబ్ పట్టుకున్నాడు. టక్. టక్. టక్. చివరి టక్.

ఏమీ కాలేదు.

వెనక్కి తిప్పి మళ్ళీ తోశాడు. స్పీకర్ చిటపటలాడింది. పూత లేచిపోతోంది. ఏజెంట్ వేళ్ళు సోల్డరింగ్ ఐరన్ పిడి మీద బిగుసుకున్నాయి. అక్క కిటికీ పక్కనే కూర్చునుంటుంది, చిన్నప్పట్నుంచీ అంతే. కోటువాడు మూడోసారి నాబ్ వెనక్కి తిప్పాడు.

ఫోన్ మోగింది. ఆ నంబరు చీఫ్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

కాలుతున్న ఐరన్ కోటువాడి మణికట్టు మీద చురుక్కుమంది. వాడు కేకేసి నాబ్ వదిలాడు. జేబులోంచి పిస్టల్ బయటికొస్తుండగానే ఆమె స్టూలెత్తి ఆ చేతి మీద కొట్టింది. ఏజెంట్ ప్లగ్ పీకేశాడు. రైలు దడదడమంటూ వంతెన దాటిపోయింది.

కోటువాణ్ణి వైరుతో కట్టేశాక ఏజెంట్ నేల మీదే కూలబడి, సిగ్గుపడకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె చెయ్యి చాపింది.

“ఆ సీసా ఇలా ఇవ్వండి. ఇంకో చెయ్యి మిగిలిపోయింది.”