కొత్త డిస్కులో ఎవరి వాటా ఎంత

"సగం శ్రీకాంత్‌కు, సగం నాకు. గింత దానికి పొద్దుగాల్నుంచి పంచాయితీ ఏంది?" అంటూ రాజేందర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"మరి అమ్మకు?" అంది అక్షర.

"అమ్మది పాత డిస్కుల ఉన్నది గదా. ఆడనే ఉండనీ."

చాయ్ గ్లాసుల పళ్లెంతో వస్తున్న పద్మారాణి తలుపు దగ్గరే ఆగిపోయింది.

ఆదివారం పొద్దున. తాండూరులో వాళ్ల ముందుగదిలో కంప్యూటర్ డబ్బా పక్క రేకు ఊడదీసి ఉంది. లోపల శ్రీకాంత్ అప్పుడే బిగించిన కొత్త డిస్కు, ఎస్‌ఎస్‌డీ, అరచేతిలో ఇమిడేంత. విండోస్ ఎక్కించే ముందు అడిగే ప్రశ్న దగ్గర తెర ఆగి ఉంది: డిస్కును ఎన్ని ముక్కలు చేయాలి, ఏ ముక్క ఎంత?

పాత హార్డ్ డిస్కు కొన్నాళ్లుగా టిక్కుటిక్కుమంటోంది. పద్మారాణి ఇంట్లోనే కూర్చుని ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు డిజైన్ చేసి వికారాబాద్‌లోని ప్రింటింగ్ షాపుకు పంపుతుంది. పెద్దేముల్ పెళ్లివారి ఫ్లెక్సీ సేవ్ అవుతూ అవుతూ మధ్యలో ఆగిపోయిన రోజు, మండపం దగ్గర నుంచి పెళ్లికూతురి తండ్రి ఫోన్లో తిట్టిన తిట్లు ఆమె చెవుల్లో ఇంకా ఉన్నాయి. ఆ ఫోను పెట్టేశాకే, తన ఫ్లెక్సీల డబ్బుతో, ఈ కొత్త డిస్కు తెప్పించింది. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఎలా ఉంటుంది? రోజూ కంప్యూటర్ తెరవగానే తెర మీద వచ్చే పేరే 'రాజేందర్'. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ చూసుకునే ఆయన నెలకొకసారి కూడా దాని ముందు కూర్చోడు.

"సగం డిస్కుతోని నీకేం పనిరా?" అని కొడుకును అడిగింది.

"గేములు మమ్మీ. కొత్తయి మస్తు జాగ తింటయి. ఎస్‌ఎస్‌డీల ఉంటెనే స్పీడొస్తది."

"మరి మీకు?" అని భర్త వైపు తిరిగింది.

"యూనిట్ లెక్కలు ఎక్కిస్త. ఇయ్యాల కాకుంటె రేపు. నా వాటా నాకుండాలె గదా," అన్నాడు రాజేందర్.

"ఆ పాతది ఎప్పుడు ఆగిపోతదో తెల్వదు. నా పని దాంట్ల పెడ్తరా?"

"పోతే పోతది మమ్మీ," అన్నాడు శ్రీకాంత్ తెర మీంచి కళ్లు తిప్పకుండా. "అయిపోయిన ఫంక్షన్ల ఫ్లెక్సీలు ఎవలకు కావాలె?"

పద్మారాణి లోపలికొచ్చి పళ్లెం టేబుల్ మీద ధడాలున పెట్టింది. చాయ్ ఒలికి కీబోర్డు దాకా పారింది.

"ఎవలకు కావాల్నా? బంట్వారం నర్సప్ప బిడ్డ ఓణీల ఫంక్షన్‌కు ఆయన ఫొటో వెంట్రుక వెంట్రుక కట్ చేసిన. గదే మొఖం ఆ పిల్ల పెండ్లి ఫ్లెక్సీకి వచ్చింది. మొన్న ఆయన దశదినకర్మకు గూడ గదే వచ్చింది. ఇంటోళ్ల దగ్గర ఇంకో మంచి ఫొటో లేదు. నా దగ్గరుందని ఉరికొచ్చిండ్రు. చెత్తనారా నా పని?"

"గట్ల ఒర్రకు. పక్కింటోళ్లు ఇంటరు," అన్నాడు రాజేందర్.

"ఇననీ! ఈ ఇంట్ల ఎట్లాగు ఎవలు ఇంటలేరు. వాళ్లన్నా ఇననీ."

అక్షర గబగబా గుడ్డతో చాయ్ తుడిచింది. "డాడీ, అసలు ముక్కలే వద్దు. ఒక ముక్క నిండినంక పక్క ముక్క ఖాళీగున్నా దాని జాగ దీనికి రాదు. మొత్తం ఒక్కటే ఉంచి ఫోల్డర్లు పెట్టుకుంటే అయిపాయె."

"నువ్వాగు బిడ్డా. ముందే గీత గీసుకుంటె రేపు లొల్లి ఉండదు. యాలాల్ ఊర్లె మన భూమి నేను, మీ చిన్నాయన గట్లనే గీసుకున్నం. ఇయ్యాల్టి దాంక ఒక్క మాట అనుకున్నమా?"

పద్మారాణి మొహం ఎర్రబడింది. "ఆ దినం గూడ నేను చాయ్ పోసిన," అంది. గొంతు తగ్గించలేదు. "గట్టు ఏడ పడాల్నో మీరు మీరు మాట్లాడుకున్నరు. ఆ చెల్కల కంది కోసింది నేను, అత్తమ్మ. ఒక్క మాట అడిగిండ్రా? అది మీ నాయిన భూమి, నాకెందుకని ఊకున్న. ఇది నా మణికట్టు వాసేదాంక మౌస్ పట్టి తెచ్చుకున్నది. దీనికి గూడ చాయ్ పోసి లోపలికి పొమ్మంటరా?"

పాత డిస్కు టిక్కుటిక్కుమంటోంది.

పొద్దున్నుంచీ ఆ గది మూల మంచం మీద కూర్చుని కందికాయలు ఒలుస్తున్న అత్తగారు రామమ్మ చేతులు ఆగాయి.

"నన్ను గూడ అడగలేదురా," అంది కొడుకుతో. "తలుపెనుక నిలబడ్డ. బాయి ఉన్న చెల్క మీ నాయిన, నేను కలిసి సదును చేసినం. అది ఎవల దిక్కు పోయిందో పొద్దుగూకినంక తెలిసింది నాకు. లొల్లి కాలేదంటున్నవు. మాట్లాడనిస్తె గదా లొల్లి అయ్యేది?"

"అప్పుడే చెప్పకపోతివి అమ్మా..."

"ఎవలకు చెప్పాలె? అందరు లేసి పోయిండ్రు."

రాజేందర్ అప్పుడే అందుకున్న చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. తల్లి వేళ్లకంటిన కందికాయల పచ్చదనం వంక చూస్తూ ఉండిపోయాడు. ఆయన కళ్లు చెమర్చాయి. ఒకసారి భార్య వైపు చూసి తల దించుకున్నాడు.

శ్రీకాంత్ కుర్చీలోంచి లేచాడు. "కూసో మమ్మీ."

పద్మారాణి వెంటనే కూర్చోలేదు. కోపం ఇంకా చేతుల్లోనే ఉంది. కొంగుతో చేతులు తుడుచుకుని, తర్వాత కూర్చుని, "మొత్తం ఒక్కటే పెట్టు," అంది కూతురితో. అక్షర నొక్కింది. విండోస్ ఎక్కేదాకా ఆ గదిలోంచి ఎవరూ కదల్లేదు.

చివరికి తెర మీద ఇంకో ప్రశ్న వచ్చింది: ఈ కంప్యూటర్ ఎవరిది, పేరు రాయండి.

"డాడీ పేరే గదా?" అన్నాడు శ్రీకాంత్ అలవాటుగా.

"నన్నెందుకు అడుగుతవురా?" అన్నాడు రాజేందర్ మెల్లగా. "అమ్మనడుగు."

పద్మారాణి కుర్చీ వాళ్ల వైపు తిప్పింది. ఈసారి గొంతు పెంచలేదు.

"అందరు ఇనుండ్రి. నా డిజైన్లు అన్నిటికన్నా ముందుగాల ఇందులకు వస్తయి. అక్షర నాతోని పని చేస్తది, దాని ఫోల్డర్ నా పక్కనుంటది. యూనిట్ లెక్కలు ఎక్కిచ్చిన దినం జాగ నేనిస్త. గేములు పాత డిస్కుల ఉంటయి. అది పోతే పోతది."

తెర వైపు తిరిగింది.

"పేరు పద్మారాణి అని కొట్టు బిడ్డా."